కొత్తగా తెచ్చిన ఆస్కార్ చేప మేత ముట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో మూడడుగుల ఫిష్ ట్యాంక్ ఉంది. ఏడాదిగా రెండు ప్యారట్ ఫిష్‌లు, మూడు సిల్వర్ షార్క్‌లు బాగానే పెరుగుతున్నాయి. సంక్రాంతి సెలవుల్లో మా బాబు పోరు పడలేక ఒక టైగర్ ఆస్కార్ తెచ్చాం. నాలుగంగుళాలు ఉంటుంది. తెచ్చి ఐదు రోజులైంది, ఒక్క గింజ ముట్టలేదు. ఫిల్టర్ వెనక మూలకు చేరి, పక్కకు వాలి పడుకుంటోంది. రంగు కూడా నల్లబడింది. షాపతనికి ఫోన్ చేస్తే ఉప్పు వేయమన్నాడు, నీలం మందు పోయమన్నాడు, బతికున్న చిన్న చేపలు వేస్తే అదే తింటుందన్నాడు. మొన్న ట్యాంక్ మొత్తం కడిగి నీళ్లన్నీ మార్చాం. అయినా అంతే. ఇంట్లో జీవి పస్తుంటే మంచిది కాదని మా అత్తయ్య గొడవ. బాబేమో స్కూల్ నుంచి రాగానే ట్యాంక్ ముందు కూర్చుని రోజుకు నాలుగుసార్లు మేత వేస్తున్నాడు. ఒంటరిగా ఉందేమో, ఇంకో ఆస్కార్ తెద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

ముందు టెన్షన్ తగ్గే మాట చెప్తాను. ఒంట్లో పుష్టి ఉన్న నాలుగంగుళాల ఆస్కార్ వారం పది రోజులు తినకపోయినా దాని ప్రాణానికి ముప్పు లేదు. మనం తినే తిండిలో చాలా భాగం ఒంట్లో వేడి నిలబెట్టుకోవడానికే పోతుంది. చేపకు ఆ ఖర్చు లేదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంతే చల్లగా ఉంటుంది. అందుకని కొద్దిపాటి నిల్వతోనే చాలా రోజులు నెట్టుకొస్తుంది. మనుషులు ఏకాదశికి పస్తుంటే పుణ్యం, చేప పస్తుంటే అరిష్టం అని ఏ పంచాంగంలోనూ లేదని మీ అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి.

నాకు భయం దాని ఆకలి గురించి కాదు, మీ ఇంట్లో జరుగుతున్న హడావిడి గురించి. కొత్త చేపలు ఆకలితో చనిపోవడం అరుదు. తినిపించాలన్న ఆత్రంలో మనం పోసే మేత, మందులు, మార్చే నీళ్లే వాటిని ఎక్కువగా చంపుతాయి. కాబట్టి ఇవాళ్టి నుంచి మూడు పనులు ఆపండి. బాబు చేతికి మేత డబ్బా ఇవ్వకండి. ఏ మందూ పోయకండి. ట్యాంక్ మొత్తం కడగడం అన్న మాటే మర్చిపోండి. కింద పడి ఉబ్బిన గింజలు కనిపిస్తే సన్న పైపుతో ఒక బకెట్ నీళ్లతో పాటు లాగేయండి. అవి కుళ్లుతూ ఉంటే ఇంకేం చేసినా లాభం లేదు.

ఇక మీ చేప సంగతి. ఆస్కార్‌ది అలిగే జాతి. పక్కకు వాలి పడుకోవడం, మూలకు మొహం పెట్టడం, రంగు ముదిరి నల్లబడటం, ఇవన్నీ ఈ జాతి చేప చోటు మారినప్పుడు చేసే పనులే. పాత ట్యాంక్‌లోనే ఉన్నా, లోపలి రాళ్లు అటూ ఇటూ జరిపినా ఇలా చేసే ఆస్కార్‌లు ఉన్నాయి. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుని వలతో తీయబోతే, చెంగున లేచి అవతలి మూలకు పోతుంది.

అలకా, జబ్బా అన్నది తేల్చుకోవాలంటే మొప్పలు చూడండి. ప్యారట్‌ల మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో, దీనివీ దాదాపు అంతే వేగంగా ఆడుతున్నాయా? కంటి మీద పొర లేకుండా నిగనిగలాడుతోందా? ఎవరైనా దగ్గరికొస్తే కన్ను తిప్పి చూస్తోందా? మూడింటికీ అవునన్నదే జవాబైతే చాలావరకు అలకే. మొప్పలు దడదడా కొట్టుకుంటున్నా, నీటి పైకి వచ్చి నోరు తెరుచుకుంటున్నా అది వేరే కథ. అప్పుడు మొదట అనుమానించాల్సింది నీళ్లనే.

నీళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ‘ట్యాంక్ మొత్తం కడిగాం’ అన్నదే. చేప మొప్పల్లోంచి, పెంటలోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోది కొంత మేరకు ఉన్నా ఫర్వాలేదు. ఈ బాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద, అద్దాల మీద పట్టిన జిగురులో. ట్యాంక్ మొత్తం కడిగేటప్పుడు మామూలుగా అందరూ చేసేదేమిటంటే స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండటం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దాంతో ఏడాదిగా పెరిగిన బాక్టీరియా చాలావరకు ఒక్క పూటలో పోతుంది. సరిగ్గా అదే వారం కొత్త చేప వచ్చి చేరింది, పైగా రోజుకు నాలుగుసార్లు మేత. పాత చేపలు మొండివి కాబట్టి తట్టుకుంటాయి. అప్పటికే డీలాపడ్డ కొత్త చేపకే దెబ్బ తగులుతుంది.

అందుకని ఒక టెస్ట్ కిట్ కొనండి. ఊరికే కాగితం ముంచి రంగు చూసేదానికన్నా చుక్కలు వేసి చూసే రకం నయం. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకుండా చూసుకోండి. మొదటి రెంటిలో ఏది కనిపించినా రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి, సున్నా అయ్యేదాకా. కొత్తగా పోసే నీళ్లు ముందు రోజే బకెట్లలో పట్టి, ఎయిర్ పంప్ రాయి వేసి ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. అంత ఓపిక లేకపోతే షాపుల్లో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, సీసా మీద రాసిన కొలత ప్రకారం వేయండి. మీది బోరు నీళ్లైతే క్లోరిన్ బెడద లేదు గానీ, వాటినీ ఒక రోజు గాలి ఆడనివ్వడం మంచిది. బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండొచ్చు. మంచినీళ్లే కదా అని ఆర్‌వో నీళ్లు మాత్రం ట్యాంక్ నిండా పోయకండి, వాటిలో చేపకు కావలసిన లవణాలు ఉండవు.

షాపతను చెప్పిన ఉప్పు పూర్తిగా తప్పు సలహా కాదు, కానీ అది తిండి మందు కాదు. నైట్రైట్ కనిపించినప్పుడు లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు వేస్తే, ఉప్పులోని క్లోరైడ్ ఆ విషాన్ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. మీ ట్యాంక్‌లో నీళ్లు సుమారు 140 లీటర్లు అనుకుంటే 140 గ్రాములు. మగ్గులో కరిగించి, ఒకేసారి కాకుండా ఒక రోజంతా కొద్దికొద్దిగా పోయాలి. నైట్రైట్ లేకపోతే ఉప్పుతో పనిలేదు. నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, అసలే వద్దు. అది బూజుకు, గుడ్లకు, విడిగా ఉంచిన తొట్టిలో చేసే చికిత్సకు పనికొచ్చేది. పెద్ద ట్యాంక్‌లో పోస్తే ఫిల్టర్‌లో మిగిలిన ఆ కాస్త బాక్టీరియానూ దెబ్బతీస్తుంది. అద్దాలు అతికించిన సిలికాన్ నీలంగా మారి అలాగే ఉండిపోతుంది కూడా.

ఇంకో సంగతి. ఇది జనవరి. మీ ఉత్తరంలో హీటర్ మాట ఎక్కడా లేదు. ఆస్కార్ అమెజాన్ ప్రాంతపు చేప, నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల దాకా ఉంటే హాయిగా ఉంటుంది. మన దగ్గర చలికి హీటర్ అవసరమా అని చాలామంది అనుకుంటారు గానీ, కిటికీ పక్కన ఉన్న ట్యాంక్‌లో తెల్లవారుజామున నీళ్లు 20 దగ్గరికి పడిపోవడం వింతేమీ కాదు. ఆ చల్లదనానికి ఆస్కార్ అరుగుదల మందగిస్తుంది, ఆకలి చస్తుంది. నోటి దగ్గర ఏం పెట్టినా చూసి ఊరుకుంటుంది. మీ పాత చేపలు చలి మెల్లగా ముదురుతుంటే అలవాటు పడ్డాయి. దీన్ని మాత్రం వెచ్చటి షాపు తొట్టిలోంచి తీసి ఒక్కసారిగా వేశారేమో. అద్దానికి అతికించే థర్మామీటర్ ఒకటి తెచ్చి పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. 24 కంటే తక్కువ ఉంటే, లేదా పొద్దుటికీ సాయంత్రానికీ మూడు డిగ్రీలకు మించి తేడా ఉంటే, 150 వాట్ల థర్మోస్టాట్ హీటర్ పెట్టండి. ఒక్కరోజులో 27కి తీసుకెళ్లకండి, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచండి. నీళ్లు మార్చేటప్పుడు ముందు ప్లగ్ తీసి, పావుగంట ఆగి అప్పుడు మొదలుపెట్టండి. వేడిగా ఉన్న హీటర్ నీళ్లలోంచి బయటపడితే గాజు పగులుతుంది. నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్ తీయాలన్నది బాబుకు మరీ మరీ చెప్పండి.

నీళ్లు, వెచ్చదనం సరిపెట్టాక చేపకు కావలసింది దాక్కునే చోటు. మొదటి రోజుల్లో తిండికన్నా అదే ముఖ్యం. ఫిల్టర్ వెనక మూలను అది ఎంచుకున్నది అక్కడ చీకటిగా ఉంది కాబట్టి, వెనక నుంచి ఎవరూ రాలేరు కాబట్టి. దాన్ని అక్కడి నుంచి తరమకండి, అలాంటి చోటు ఇంకా ఒకటి రెండు ఏర్పాటు చేయండి. షాపులో అమ్మే ప్లాస్టిక్ కోటలకు డబ్బు తగలేయక్కర్లేదు. పాత బంగళా పెంకులు ఉంటే రెండు తెచ్చి, సబ్బు పెట్టకుండా బ్రష్‌తో రుద్ది కడిగి, బోర్లించి పెట్టండి. రంగు వేయని మట్టి పూలకుండీ పక్కకు పడుకోబెట్టినా సరే. ఆస్కార్ మొత్తం దూరి, వెనక్కి తిరిగే వీలుండాలి. పాలరాయి ముక్కలు మాత్రం వేయకండి, అవి మెల్లగా కరిగి నీళ్ల గట్టిదనం పెంచుతాయి. ట్యాంక్ వెనక, రెండు పక్కలా పాత పేపర్ అంటించండి. రెండు మూడు రోజులు లైట్ వేయకండి, గదిలో వెలుతురు చాలు. అద్దం మీద వేలితో కొట్టి పిలవడం ఇంట్లో ఎవరూ చేయకూడదు. చుట్టాలొచ్చినప్పుడు ఈ మాట ఎంత చెప్పినా కనీసం ఒకరైనా కొడతారు, అది వేరే విషయం.

పైన మూత ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఇవాళే పెట్టండి. బెదిరిన ఆస్కార్ ట్యాంక్ దాటి దూకేస్తుంది.

పక్క చేపల సంగతి మీరు అనుకున్నంత చిన్నది కాకపోవచ్చు. ప్యారట్ ఫిష్ నోరు పూర్తిగా మూసుకోదు కాబట్టి గట్టిగా కరవలేదు. కానీ ఏడాదిగా ఆ ట్యాంక్ తనదే అనుకుంటోంది. వచ్చిన కొత్త చేపను ఒంటితో నెట్టి, మూలకు తోసి, అక్కడే కాపలా ఉంటుంది. సిల్వర్ షార్క్‌లు కొట్టవు గానీ ఒక్క క్షణం కుదురుగా ఉండవు, మేత నీళ్లలో పడీ పడకముందే మాయం చేస్తాయి. మీరు ట్యాంక్ ముందు నిలబడి చూస్తే ఇవేవీ కనపడవు, మిమ్మల్ని చూడగానే అవన్నీ మేత కోసం ముందుకొచ్చేస్తాయి. ఫోన్‌ను ఎదురుగా బల్ల మీద ఆనించి వీడియో పెట్టి, గదిలోంచి అందరూ బయటికి రండి. అరగంట తర్వాత చూస్తే ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలిసిపోతుంది. రెక్క అంచులు చిరిగి ఉన్నా, ఒంటి మీద పొలుసు లేచి ఉన్నా సాక్ష్యం దొరికినట్టే.

తరుముతుంటే మొదట లోపలి రాళ్లూ పెంకులూ అన్నిటి చోటూ మార్చండి. పాతవాటికి కూడా అది కొత్త ఇల్లయ్యేసరికి ‘ఇది నాది’ అన్న పట్టు కొంత సడలుతుంది. అయినా లొంగకపోతే ట్యాంక్‌కు అడ్డంగా ప్లాస్టిక్ జాలీ నిలబెట్టి, ఆస్కార్‌కు ఒక వాటా విడదీయండి. నీళ్లు అటూ ఇటూ ఆడాలి, చేప దాటకూడదు. వారం పది రోజులు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటే తర్వాత కలిపినప్పుడు రాద్ధాంతం తగ్గుతుంది. వేరే తొట్టిలోకి మార్చమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. తెచ్చిన రోజే విడిగా పెట్టి ఉంటే అది మంచి పని. ఇప్పుడు మళ్లీ వలవేసి పట్టి ఇంకో చోట వేస్తే అలక మళ్లీ మొదటి నుంచి లెక్క. జబ్బు గుర్తులు కనిపిస్తే తప్ప కదపకండి.

ఇప్పుడు మేత దగ్గరికి వద్దాం. ఇది ఎంత దూరం నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. మన షాపుల్లోని రంగు చేపల్లో చాలావరకు చెన్నై, కోల్‌కతా వైపు నుంచి వచ్చేవే. చెన్నైలోని కొళత్తూరు ఈ వ్యాపారానికి పెట్టింది పేరు. కవర్లో నీళ్లు పాడవకుండా ఉండాలని బయల్దేరే ముందు చేపల్ని ఒకటి రెండు రోజులు పస్తుంచుతారు. ఆక్సిజన్ నింపిన కవర్లో, థర్మోకోల్ పెట్టెలో ప్రయాణం. షాపులో ఇరుకు తొట్టి, మళ్లీ ఇంకో కవర్, తర్వాత మీ ఇల్లు. రాత్రంతా బస్సులో వాంతులు చేసుకుంటూ దిగిన మనిషి ముందు బిర్యానీ ప్లేటు పెట్టి ‘తినవేం’ అంటే ఎలా ఉంటుందో, మీ బాబు గింజలు దానికి అలా ఉన్నాయి. పైగా షాపులో అది పెల్లెట్ ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. చాలాచోట్ల ఆస్కార్ పిల్లలకు పురుగులు, చిన్న చేపలు వేసి పెంచుతారు. దానికి గింజ అంటే తిండి అని తెలియదు, రాయి అనుకుంటుంది. షాపతనికి ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న ‘ఏం మందు వేయాలి’ అని కాదు, ‘మీ దగ్గర ఏం తినేది’ అని.

ఇవాళ, రేపు ఏమీ పెట్టకండి. మూడో రోజు సాయంత్రం, లైట్ ఆర్పి, గదిలో మసక వెలుతురు ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మొదటి ప్రయత్నానికి నా ఓటు పచ్చి రొయ్యకే. ఉప్పు, పసుపు పట్టించకముందే ఒక రొయ్య విడిగా తీసిపెట్టమని వంటింట్లో చెప్పండి. తల, పెంకు, వీపు మీది నల్ల నరం తీసేసి, మంచినీళ్లలో కడిగి, చేప కన్ను ఎంత ఉంటుందో అంత ముక్కలు కోయండి. ముందు ట్యాంక్ రెండో చివర ప్యారట్‌లకు, షార్క్‌లకు వాటి మామూలు మేత వేయండి. అవి ఆ గోలలో ఉండగా, పొడవాటి చీపురుపుల్లకు ఒక ముక్క వదులుగా గుచ్చి ఆస్కార్ మొహానికి జానెడు దూరంలో, కొంచెం పైగా దించండి. మొహం మీదికి పొడవకండి. పుల్లను సన్నగా కదిలిస్తే ముక్క విడిపోయి మెల్లగా కిందికి దిగుతుంది. కదిలేదాన్నే అది తిండి అనుకుంటుంది. మీరు ట్యాంక్‌కు ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోండి.

అప్పుడు చూడండి. మొదట కన్ను ఒక్కటే తిరుగుతుంది. తర్వాత వాలి ఉన్న ఒళ్లు నెమ్మదిగా నిటారు అవుతుంది, పక్క రెక్కలు విసనకర్రల్లా ఆడటం మొదలవుతుంది. రెండంగుళాలు ముందుకొచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి పోయినా నిరాశ పడకండి, ఆకలి మేలుకుందన్నమాటే. ముక్కను నోట్లోకి లాక్కుని, వెంటనే ఉమ్మేసి, మళ్లీ లాక్కుంటే ఇంకా మంచిది. ఆస్కార్ తినే తీరే అంత, ఉమ్మడం చూసి నచ్చలేదనుకోకండి. ఐదు నిమిషాలు ఆగి తినకపోతే ముక్క బయటికి తీసేయండి. మళ్లీ మర్నాడు అదే వేళకు, అదే చోట. మధ్యలో ‘ఇంకోసారి చూద్దాం’ అని వేయకండి.

రొయ్యకు లొంగకపోతే వానపాము. దాన్ని కాదనే ఆస్కార్ అరుదు. కుండీల కింద తడి మట్టిలో దొరికేవి తీసుకోండి, పురుగుమందు కొట్టిన చోటివి వద్దు. వర్మీకంపోస్టు తొట్టిలో ఉండే సన్న ఎర్రరకం ఒక ఘాటైన ద్రవం విడుస్తుంది, చాలా చేపలు ఉమ్మేస్తాయి. మామూలు తోట వానపామును ఒక గంట తడిగుడ్డలో ఉంచి, కడిగి, వేలి గణుపంత ముక్క వేయండి. మీకు చూడటం కష్టమైతే షాపుల్లో ఫ్రీజ్ చేసిన బ్లడ్ వార్మ్స్ బిళ్లలు దొరుకుతాయి. ఒకటి గిన్నెలో కరగనిచ్చి, ఎర్రనీళ్లు వంపేసి వేయండి.

బతికున్న చిన్న చేపలు మాత్రం వేయొద్దు. ఈ పని కోసం అమ్మే చేపలు కిక్కిరిసిన మురికి తొట్లలో ఉంటాయి, వాటి జబ్బులూ పరాన్నజీవులూ నేరుగా మీ ట్యాంక్‌లోకి వస్తాయి. వాటిలో గోల్డ్ ఫిష్ ఉంటే ఇంకా నష్టం. దాని ఒంట్లో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది, అదే పనిగా పెడితే చేప నీరసించిపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆ రుచి మరిగిన ఆస్కార్ గింజల వైపు చూడదు. మురుగు కాలవల్లో పట్టి తెచ్చే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులూ వద్దు. కోడి కాలేయం, గొర్రె గుండె లాంటివి పెట్టమనేవాళ్లు ఉన్నారు. ఆ కొవ్వు చేపకు సరిగ్గా అరగదు, నీళ్ల మీద జిడ్డు తేలుతుంది. అన్నం మెతుకులు, బ్రెడ్డు, బిస్కెట్ సంగతి చెప్పనక్కర్లేదనుకుంటా.

ఒకసారి రొయ్యో వానపామో తినడం మొదలుపెట్టాక మూడు నాలుగు రోజులు అదే పెట్టండి. తర్వాత రొయ్య కడిగిన చిక్కటి నీళ్లలో రెండు పెల్లెట్లు కొద్దిసేపు నానేసి, ముక్క వేసిన వెంటనే అదే ఊపులో ఒకటి వదలండి. తిండి కోసం నోరు తెరిచి ఉన్నప్పుడు గింజ కూడా లోపలికి పోతుంది. ఉమ్మేస్తే మర్నాడు మళ్లీ. వెల్లుల్లి రసం ఒక చుక్క కలిపి నానేస్తారు కొందరు, ఆ వాసనకు కొన్ని చేపలు చప్పున వస్తాయి. ఒక రోజు పస్తుంచి, మర్నాడు ముందుగా గింజ, తర్వాత రొయ్య ఇస్తే మార్పు త్వరగా జరుగుతుంది. ఎందుకింత తంటా అంటే, రొయ్య ఒక్కటే పెడితే దానికి కావలసిన విటమిన్లు అందవు. రోజువారీ తిండి మంచి పెల్లెటే కావాలి, మిగతావి వారానికి రెండు మూడుసార్లు చాలు.

ఈ లోపల కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం అలక అని ఊరుకోకండి. ఉప్పు రవ్వలు చల్లినట్టు ఒంటి మీద తెల్ల చుక్కలు వస్తే అది వైట్ స్పాట్ జబ్బు. ఒకదానికి వచ్చిందంటే ట్యాంక్ మొత్తానికీ చికిత్స చేయాలి, చుక్కలు రాలిపోగానే ఆపేయకూడదు. మందు పనిచేసేది పరాన్నజీవి నీళ్లలో ఈదే దశలోనే కాబట్టి పూర్తి కోర్సు చేయాలి. పెంట తెల్లటి దారంలా, జిగురుగా వేలాడుతుంటే, పైగా తినకపోతుంటే పేగుల్లో పరాన్నజీవులు ఉన్నాయేమో చూడాలి. పస్తున్న చేప పెంట ఒకటి రెండు రోజులు తెల్లగా ఉండటం మామూలే, అది సాగుతూ ఉంటేనే అనుమానం. రెక్కల మొదట్లో ఎర్రటి చారలు, దూదిలాంటి బూజు, పొట్ట లోపలికి అంటుకుపోవడం, తల వెనక వీపు కత్తిలా పలచబడటం, వీటిలో ఏది కనిపించినా, లేదా తెచ్చి రెండు వారాలు దాటినా ఏమీ తినకపోయినా, ఫొటోలు, వీడియో, నీళ్ల పరీక్ష లెక్కలు పట్టుకుని చేపల వైద్యం తెలిసినవాళ్లను సంప్రదించండి. లెక్కలు లేకుండా వెళితే వాళ్లూ అందాజుగా ఒక సీసా చేతిలో పెడతారు.

మీ బాబుకు చేయడానికి పనేమీ లేదనిపిస్తే మళ్లీ మేత డబ్బా వైపే పోతాడు. కాబట్టి వాడికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. పొద్దున, సాయంత్రం టెంపరేచర్, నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు ఆడాయి, ఎక్కడ పడుకుంది, ఏం పెడితే ఏం చేసింది, ఇవన్నీ రాయమనండి. నాలుగు రోజులు రాశాడంటే ఇంట్లో అందరికన్నా వాడికే ఆ చేప గురించి ఎక్కువ తెలుస్తుంది. అవసరమొస్తే వైద్యుడికి చూపించడానికీ ఆ పుస్తకమే పనికొస్తుంది.

తినడం మొదలయ్యాక మీకు దీనికి పూర్తిగా ఎదురు సమస్య వస్తుంది. ఆస్కార్ మనుషుల్ని గుర్తుపడుతుంది. ట్యాంక్ దగ్గరికి ఎవరొచ్చినా అద్దానికి ముక్కు ఆనించి, తోక ఆడించి అడుగుతుంది. అడిగినప్పుడల్లా పెట్టకండి. ఈ వయసులో రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంత చాలు. వారంలో ఒక రోజు పూర్తిగా పస్తు. అత్తయ్యగారు ఏకాదశి పాటిస్తుంటే, అది వచ్చిన వారం ఆ రోజునే కలిపేయొచ్చు.

చివరిగా ఇంకో ఆస్కార్ విషయం. వద్దు. దీనికి ఒంటరితనం బాధ లేదు. అంత చిన్న చోట రెండో ఆస్కార్ వస్తే తోడు కాదు, దినదిన యుద్ధం. నిజానికి మీ మూడడుగుల ట్యాంక్ ఈ ఒక్కదానికే ఎక్కువ రోజులు సరిపోదు. బాగా తింటే ఏడాది తిరిగేసరికి పది అంగుళాల దాకా వస్తుంది, పదేళ్లు పైన బతుకుతుంది. సిల్వర్ షార్క్‌లూ అడుగు దాకా పెరిగేవే. షాపుల్లో ఈ సంగతి అడిగితేనే చెప్తారు, కొన్నిచోట్ల అడిగినా చెప్పరు. ఆరు నెలల్లో 300 లీటర్లకు తగ్గని, కనీసం నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ట్యాంక్ పెట్టగలరా అన్నది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. పెట్టలేమనుకుంటే, ఆస్కార్‌ను ఉంచి షార్క్‌లను ఇచ్చేయడమో, షార్క్‌లను ఉంచి ఆస్కార్‌ను ఇచ్చేయడమో తేల్చుకుని షాపతనితో ముందే మాట అనుకోండి. చాలామంది షాపువాళ్లు ఆరోగ్యంగా ఉన్న చేపను వెనక్కి తీసుకుంటారు, డబ్బు ఇవ్వకపోయినా.

పెద్దదయ్యాక వడ్డేపల్లి చెరువులోనో భద్రకాళి చెరువులోనో వదిలేద్దాం అని మాత్రం ఎవరూ అనకుండా చూడండి. ఇలా వదిలేసిన సక్కర్ ఫిష్ ఇప్పుడు మన రెండు రాష్ట్రాల చెరువుల్లో పడి, జాలర్ల వలలు చింపుతూ, మన చేపల చోటు తినేస్తోంది. ఆస్కార్ దానికన్నా తిండిపోతు.